పలక మీద రాసి చెరిపిన మాటలు: 1984లో లెనిన్‌గ్రాడ్ చుట్టాలింటికి వెళ్లిన యూదు కుటుంబం గురించి

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. న్యూజెర్సీలో మీతో పనిచేసే యూదు పెద్దమనిషి, తన పన్నెండో ఏట, 1984 వేసవిలో, అమ్మానాన్నలతో సోవియట్ దేశంలోని లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) వెళ్లి చిన్నమ్మమ్మను, అంటే వాళ్ల అమ్మమ్మ చెల్లెలిని, చూసొచ్చిన సంగతి మీకు భోజనాల దగ్గర చెప్పారని రాశారు. ఆ ఇంట్లో మూడు సాయంత్రాలు గడిపినా అసలు మాటలేవీ నోటితో చెప్పుకోలేదట. పిల్లల పలక మీద రాసుకుని చెరిపేసేవారట. మీరు అడిగినవి మూడు. ఇది నిజంగా జరిగిందా, చిన్నప్పటి జ్ఞాపకం కాబట్టి పెరిగి పెద్దదైందా? సొంత మనిషి ఇల్లు ఉండగా హోటల్లో ఎందుకు దిగారు? తిరిగొచ్చాక వాళ్ల నాన్న ఆవిడకు ఒక్కసారి కూడా ఎందుకు ఫోన్ చెయ్యలేదు?

నేను 1980 నుంచి 1986 దాకా లెనిన్‌గ్రాడ్‌లో మెడిసిన్ చదివాను. గుంటూరు జిల్లా నుంచి వెళ్లినవాణ్ణి. ఆ పలకలు నా చేతుల్తో పట్టుకున్నాను. ఆయన చెప్పింది నిజం. అణువంత కూడా పెంచి చెప్పలేదు. ఇంట్లో మాటలు రహస్య పోలీసులు వింటారని అలాంటి ఇళ్లల్లో భయం ఉండేది.

పలక అంటే మనం బలపంతో రాసే రాతిపలక కాదు. ఒక అట్ట, దాని మీద నల్లటి మైనం పూత, ఆపైన పల్చటి ప్లాస్టిక్ కాగితం. ప్లాస్టిక్ పుల్లతో రాస్తే అక్షరాలు కనిపిస్తాయి. కాగితం పైకెత్తితే మాయమైపోతాయి. అమెరికాలో బొమ్మల షాపుల్లో చవగ్గా దొరికేది. సోవియట్ యూదుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు సూట్‌కేసులో రెండు మూడు పడేసుకునేవాళ్లు. పక్కన పిల్లాడు ఉంటే కస్టమ్స్ వాళ్లకు అది బొమ్మే. ఒక జాగ్రత్త మాత్రం ఉండేది. గట్టిగా ఒత్తితే కింది మైనం మీద గీత మిగిలిపోతుంది. అందుకని తేలిగ్గా రాయాలి, చెరిపాక దాని మీద పిచ్చిగీతలు గీయాలి.

నాకు ఇదంతా ఎలా తెలిసిందో చెప్తాను. రెండో ఏడాదిలో మాకు పాఠం చెప్పిన ఒక పెద్దావిడ ఉండేది. యూదు మనిషి. చలికి తట్టుకోలేక నేను వారం రోజులు జ్వరంతో పడుకుంటే హాస్టల్‌కి సూప్ తెచ్చిపెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆవిడా, కొడుకూ కోడలూ దేశం వదిలి వెళ్లడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. కుదరదన్నారు. ఎందుకు కుదరదో కాగితం మీద ఇవ్వరు, నోటిమాటే. అలా కుదరదనిపించుకున్నవాళ్లను రష్యన్‌లో అత్కాజ్నిక్‌లు అనేవారు. ముప్పై ఏళ్లు వైద్యం చేసిన మనిషికి చదువు చెప్పే పని పోయింది. ఒక పాలీక్లినిక్‌లో వచ్చేపోయేవాళ్ల కోట్లు తీసుకుని టోకెన్లిచ్చే పని దొరికింది. నేను అక్కడ ఆవిణ్ణి మొదటిసారి చూసినప్పుడు నా కోటు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆవిడే లాక్కుని తగిలించింది.

1983 డిసెంబర్‌లో ఆవిడ బంధువులు చికాగో నుంచి వచ్చారు. భార్యాభర్తలు, పదిహేనేళ్ల కూతురు. వాళ్లకు రష్యన్ రాదు, ఈవిడకు ఇంగ్లీషు రాదు. ముసలి తరానికైతే ఇద్దరికీ యిడ్డిష్ వచ్చేది, అక్కడా ఇక్కడా అదే ఇంటి భాష. పిల్లల తరానికి వచ్చేసరికి అది పోయింది. నాకు రెండూ వచ్చు కాబట్టి నన్ను పిలిచింది. భారతీయ విద్యార్థి ఒకడు టీచరమ్మ ఇంటికి టీకి వస్తే పెద్దగా అనుమానించరని కూడా ఆవిడ లెక్క.

నేను వెళ్లేసరికి ఫోన్ డయల్ కొంచెం తిప్పి, చిల్లులో పెన్సిల్ దూర్చి ఆపేసింది. డయల్ అలా ఆగి ఉంటే ఫోన్‌లోంచి వినడం కుదరదని అక్కడ అందరి నమ్మకం. దానిపైన మళ్లీ దిండు. రేడియోలో సంగీతం. బల్ల మీద ఉప్పు చేప, ఉడికించిన బంగాళాదుంపలు, టీ. నోటితో ఏం మాట్లాడుకున్నామంటే: హెర్మిటేజ్ మ్యూజియం ఎంత పెద్దదో, నేవా నది ఎలా గడ్డ కట్టిందో, చికాగోలో కూడా మంచు ఇంతే ఉంటుందా అని. అవన్నీ గట్టిగా, నవ్వుతూ. అదే సమయంలో పలక చేతులు మారుతోంది. ఆవిడ రష్యన్‌లో రాస్తే నేను చదివి, కాగితం ఎత్తి, కింద ఇంగ్లీషులో రాసి అవతలివాళ్లకు ఇచ్చేవాణ్ణి. నోరు ఒక మాట చెప్తూ చెయ్యి ఇంకో మాట రాయాలి. అరగంటకే నాకు చెమటలు పట్టాయి.

చికాగో ఆవిడ మొదట రాసింది, మీకు డబ్బు కావాలా, మందులు కావాలా అని. మా టీచరమ్మ దానికి జవాబు రాయలేదు. కొడుకు పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా రాసింది. ఎందుకంటే ఇజ్రాయెల్ నుంచి చుట్టాలు పంపే ఆహ్వానపత్రం ఉంటేనే దరఖాస్తు పెట్టనిచ్చేవారు. దాన్ని వీజొవ్ అంటారు. అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా పనికిరాదు. పాతది చెల్లకపోతే కొత్తది రావాలి. ఈ వివరాలు కాగితం మీద రాసుకుని పట్టుకెళ్తే తిరుగు ప్రయాణంలో కస్టమ్స్‌లో దొరికిపోతుంది. అందుకని పంచుకున్నారు. పేర్ల స్పెల్లింగ్ భర్త కంఠస్థం చేశాడు, తేదీలు భార్య, ఇంటి నంబరూ పిన్‌కోడూ కూతురు. నేను ముగ్గురి చేతా రెండుసార్లు పలక మీద అప్పగించుకున్నాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నా చేత ఎక్కాలు అప్పగించుకున్నట్టే.

వెళ్లేటప్పుడు కౌగిలింతలన్నీ తలుపు లోపలే. మెట్ల మీద ఇంగ్లీషు వినబడకూడదు. మీ సహోద్యోగిని అడగండి, మెట్లు దిగేటప్పుడు వాళ్లమ్మ నోరు మూసుకోమని సైగ చేసిందా అని. చేసే ఉంటుంది. పైగా వాళ్లు వెళ్లింది వేసవిలో. జూన్‌లో ఆ ఊళ్లో రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు ఉంటుంది. చీకట్లో కలిసిపోయే వీలు లేదు.

ఇక హోటల్ సంగతి. చుట్టంగా వెళ్లడానికి వేరే వీసా ఉండేది, కానీ దానికి అక్కడున్న మనిషి వీసాల ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు పెట్టాలి. దాన్ని ఓవిర్ అనేవారు. నాకు అమెరికాలో చుట్టాలున్నారు, వాళ్లను పిలుచుకుంటాను అని తనంతట తాను రాసి సంతకం పెట్టడమన్నమాట. నెలలు పట్టేది, చివరికి రాదనేవారు. అందుకని అత్యధికులు టూరిస్టులుగా వచ్చేవారు. ఇన్‌టూరిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా హోటల్‌కు ముందే డబ్బు కట్టాలి, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో ముందే రాయాలి. వీసా పాస్‌పోర్టులో ముద్ర కాదు, విడిగా ఒక కాగితం. హోటల్‌కి చేరగానే పాస్‌పోర్టు కౌంటర్లో ఇచ్చేయాలి. ప్రతి అంతస్తులో తాళాలు చూసుకునే ఒకావిడ కూర్చుని ఉంటుంది, ఎవరు ఎప్పుడు వెళ్లారో ఎప్పుడు వచ్చారో ఆవిడకు తెలుసు. పగలు గైడుతో మ్యూజియంలూ రాజభవనాలూ. సాయంత్రం అయిదు కోపెక్కుల మెట్రో ఎక్కి చుట్టాలింటికి. ఫోన్ చెయ్యాలంటే హోటల్ గదిలోంచి కాదు, వీధిలో రెండు కోపెక్కుల బిళ్ల వేసే డబ్బాలోంచి.

వాళ్లు వెళ్లిన ఏడాదికి ఇంకో ప్రత్యేకత ఉంది. 1984 జులైలో కొత్త ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. నిబంధనలకు వ్యతిరేకంగా విదేశీయులకు ఇంట్లో చోటిచ్చినా, కార్లో ఎక్కించుకున్నా సోవియట్ పౌరులకు జరిమానా. మీ సహోద్యోగి కుటుంబం జూన్‌లో వెళ్లారో ఆగస్టులో వెళ్లారో నాకు తెలియదు కానీ, వాళ్ల చిన్నమ్మమ్మ ఆ పిల్లాణ్ణి ఒక్క రాత్రి తన మంచం మీద పడుకోబెట్టుకోలేకపోవడానికి కారణం ఇలాంటి నిబంధనలే. ఇల్లు ఇరుకనో మనసు లేకనో కాదు.

అసలు చుట్టరికం అంటే ఆ దేశానికి ఎందుకంత భయం? ఇది కొంచెం వెనక నుంచి చెప్పాలి. 1881 నుంచి 1914 మధ్య ఇరవై లక్షల మంది దాకా యూదులు రష్యా సామ్రాజ్యం నుంచి వెళ్లిపోయారు, ఎక్కువమంది అమెరికాకే. తర్వాత 1924లో అమెరికా కోటాలు పెట్టి తలుపులు దాదాపు మూసేసింది. అలా ఒక అక్క న్యూయార్క్‌లో, ఒక చెల్లెలు రష్యాలో మిగిలిపోయిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. మొదట్లో ఉత్తరాలు నడిచాయి. 1930ల్లో అరెస్టులు మొదలయ్యాక విదేశాల్లో చుట్టాలుండటమే నేరమైనట్టయింది. ఉద్యోగానికి నింపే ఫారాల్లో ఆ ప్రశ్న ఉండేది: విదేశాల్లో బంధువులున్నారా? చాలామంది లేరని రాశారు. అలా రాసినవాళ్లు మళ్లీ అక్కకు ఉత్తరం ఎలా రాస్తారు?

ఆ చెల్లెలు లెనిన్‌గ్రాడ్‌లోనే ఉండి ఉంటే రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం చేసిన 872 రోజుల ముట్టడిలో ఆకలి చూసి ఉంటుంది. తర్వాత 1953 జనవరి 13 చూసి ఉంటుంది. ఆ రోజు ప్రావ్దా పత్రికలో, కొందరు డాక్టర్లు ప్రభుత్వ పెద్దల్ని చంపడానికి కుట్ర చేశారని వార్త వచ్చింది. పేర్లు పెట్టిన తొమ్మిది మందిలో ఆరుగురు యూదులు. విదేశీ యూదు సంస్థతో సంబంధాలున్నాయన్నది ఆరోపణ. మా టీచరమ్మ అప్పటికి కొత్త డాక్టరు. వార్డులో ఒక ముసలాయన ఆవిడ చేతి మాత్ర తీసుకోనని తల తిప్పేసుకున్నాడట. మార్చిలో స్టాలిన్ పోయాడు, ఏప్రిల్ మొదట్లో అదంతా అబద్ధమని ప్రభుత్వమే చెప్పింది. ఆ ముసలాయన ముఖం మాత్రం ఆవిడకు ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది.

1970ల్లో వెళ్లడానికి కొంత వీలు కుదిరింది. 1979లో 51 వేల మంది దాకా యూదులు బయటపడ్డారు. ఆ ఏడాది చివర్లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లింది, 1980లో మాస్కో ఒలింపిక్స్‌కి అమెరికా రాలేదు, 1983 సెప్టెంబర్ 1న 269 మందితో వెళ్తున్న కొరియా విమానాన్ని కూల్చేశారు, 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌కి వీళ్లు వెళ్లలేదు. ఆ 1984లో మొత్తం దేశం నుంచి బయటపడిన యూదులు వెయ్యి మంది కూడా లేరు. రెండు పెద్ద దేశాలు మాట్లాడుకోవడం మానేస్తే మధ్యలో నలిగింది ఈ ఇళ్లు.

ఆ రోజుల్లో కుదరదనడానికి చెప్పే కారణాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటుంది: చుట్టరికం సరిపోదు. తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, తోబుట్టువు. వీళ్లే చుట్టాలు, మిగతావాళ్లు లెక్కలోకి రారు. పెదనాన్న మనవణ్ణి కూడా అన్నయ్యా అని పిలిచే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు అది మింగుడుపడలేదు. ఎవరు నీ మనిషో ఒక గుమాస్తా తేలుస్తాడా? అందుకే చికాగో నుంచి, లండన్ నుంచి జనం పనిగట్టుకుని అక్క మనవడి ఇంటికి, మేనత్త కూతురి ఇంటికి వచ్చేవారు. మా చుట్టరికం సరిపోతుంది అని చెప్పడానికి వాళ్లకు ఉన్న దారి అదొక్కటే.

మూడో ప్రశ్న, ఫోన్ సంగతి, దగ్గర నేను మీ సహోద్యోగి నాన్న తరఫున మాట్లాడాలి. ఆయన పిరికివాడని ఎవరూ అనుకోకూడదు.

అక్కడ టూరిస్టుకు వచ్చే కష్టం తక్కువ. పుస్తకాలు లాగేసుకుంటారు, గంటలకొద్దీ ప్రశ్నిస్తారు, మరీ అయితే తర్వాతి విమానం ఎక్కించి పంపేస్తారు. ఇంట్లోకి రానిచ్చినవాళ్ల సంగతి వేరు. ఫోన్ కట్ అవుతుంది. ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేకపోతే పని చెయ్యకుండా తిరుగుతున్నాడని కేసు పెట్టొచ్చు. కొడుకును సైన్యంలోకి తీసుకుంటారు, రెండేళ్లు చేసొచ్చాక నీకు సైనిక రహస్యాలు తెలుసు కాబట్టి వెళ్లనివ్వం అంటారు. అనతోలీ షరాన్‌స్కీ సంగతి అందరికీ తెలిసిందే. అత్కాజ్నిక్‌ల తరఫున విదేశీ విలేఖరులతో మాట్లాడినవాణ్ణి అమెరికా గూఢచారి అని 1978లో పదమూడేళ్ల శిక్ష వేశారు. 1986 ఫిబ్రవరిలో బెర్లిన్ దగ్గర వంతెన మీద ఖైదీల మార్పిడిలో విడుదలయ్యాడు.

మరి ఫోన్ చెయ్యాలా, మానాలా? ఇక్కడే చాలామంది పొరబడతారు. జవాబు అవతలి మనిషి ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. బహిరంగంగా దరఖాస్తు పెట్టి, కాదనిపించుకుని, ఉద్యోగం పోయిన అత్కాజ్నిక్ అయితే వాళ్లకు గోలే రక్ష. ఎంత ఎక్కువ ఉత్తరాలు వస్తే, అమెరికా సెనేటర్ల నోట ఎన్నిసార్లు పేరు వినబడితే, అంత జంకుతారు. వాళ్లు ఫోన్ చెయ్యమని బతిమాలేవారు. అదే, ఏ దరఖాస్తూ పెట్టకుండా పింఛను మీద బతికే ముసలావిడ, కొడుకు ఏదో రక్షణ సంబంధమైన పరిశోధనా సంస్థలో ఇంజినీరు అనుకోండి. అక్కడ నిశ్శబ్దమే రక్ష. ఒక్క ఫోన్ వస్తే కొడుకును పిలిచి మీ అమ్మకు అమెరికాలో ఎవరున్నారు అని అడుగుతారు. అప్పట్లో ఆపరేటర్ ద్వారా బుక్ చేసుకునే కాల్స్ అవి, గుట్టుగా చెయ్యడం కుదరదు. మూడు సాయంత్రాలు ఎదురెదురుగా కూర్చుని వచ్చిన మనిషి తర్వాత ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదంటే, ఆ పలక మీద ఆవిడే చెయ్యొద్దని రాసి ఉంటుందని నా నమ్మకం. పన్నెండేళ్ల పిల్లాడికి ఆ వాక్యం చూపించి ఉండరు.

వచ్చిన అతిథులందరూ అంత జాగ్రత్తగా లేరు కూడా. కొందరు తిరిగి వెళ్లి, అడగకుండానే ఫొటోలూ పేర్లూ పత్రికలకు ఇచ్చేశారు. దానివల్ల అవస్థ పడిన ఇల్లు నాకు ఒకటి తెలుసు. మీ సహోద్యోగి నాన్న ఆ పని చెయ్యలేదు.

మీ ప్రశ్న కింద ఒకాయన రాశారు, ఇదంతా అమెరికా ప్రచారం, మా బాబాయి మాస్కోలో చదివాడు, వాళ్లంత మంచివాళ్లు లేరు అని. అయ్యా, నేనూ అదే అంటాను. ఆ దేశం నాకు ఆరేళ్లు ఉచితంగా చదువు చెప్పింది, స్టైపెండ్ ఇచ్చింది. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో రూపాయికీ రెండు రూపాయలకీ దొరికిన తెలుగు పుస్తకాలు చదివే నేను అక్కడికి వెళ్లాలనుకున్నాను. మన మీద వాళ్లకున్న ప్రేమ అబద్ధం కాదు. కానీ నన్ను ఆదరించిన ఆ ఊళ్లోనే మా టీచరమ్మ కోట్లు తగిలించింది. నేను రెండూ చూశాను, ఒకటి చెప్పి ఒకటి దాచలేను.

మీ సహోద్యోగిని ఇంకొక్క మాట అడగండి. మరుసటి ఏడాది ఆయనకు పదమూడేళ్లు వచ్చి బార్ మిట్జ్‌వా, అంటే యూదు మగపిల్లలకు ఆ వయసులో చేసే మతపరమైన వేడుక, జరిగి ఉంటుంది. ఆ రోజుల్లో అమెరికా పిల్లలు చాలామంది ఆ వేడుకను సోవియట్ దేశంలో అదే వయసు అత్కాజ్నిక్ పిల్లాడి పేరు మీద కూడా జరుపుకునేవారు. పక్కన ఒక ఖాళీ కుర్చీ వేసేవారు. ఆయన పక్కన ఎవరి పేరు ఉందో కనుక్కోండి. బహుశా వాళ్లు ఆ ప్రయాణంలో ఆ పిల్లాణ్ణి కూడా కలిసే ఉంటారు.

తర్వాత ఏమైందని మీరు అడగలేదు కానీ చెప్తాను. 1987 నుంచి తలుపులు తెరుచుకున్నాయి. ఆ డిసెంబర్ 6న వాషింగ్టన్‌లో సోవియట్ యూదుల కోసం రెండున్నర లక్షల మంది ఊరేగారు, మర్నాడే సోవియట్ నాయకుడు గోర్బచేవ్ అక్కడికి వచ్చాడు. 1989లో 70 వేల పైచిలుకు వెళ్లారు, మరుసటి ఏడాది అంతకు మూడింతలు దాకా. మా టీచరమ్మ కుటుంబానికి 1988లో అనుమతి వచ్చింది. వియన్నా, అక్కడి నుంచి రోమ్ దగ్గర కొన్ని నెలలు, ఆపైన చికాగో. నేనప్పటికి ఊళ్లో ప్రాక్టీసు పెట్టాను. అక్కణ్ణుంచి ఉత్తరం రాసింది. విమానాశ్రయంలో ఆ చికాగో వాళ్ల కూతురు, ఇరవై ఏళ్ల పిల్ల, ఎదురొచ్చి తమ లెనిన్‌గ్రాడ్ ఇంటి నంబరూ పిన్‌కోడూ రష్యన్‌లో గడగడా అప్పజెప్పిందట.

మీ సహోద్యోగి చిన్నమ్మమ్మ అప్పటికే పెద్దది. వెళ్లిందో అక్కడే పోయిందో వాళ్లకే తెలియదన్నారు. అక్కడే పోయి ఉంటే ప్రెఅబ్రజెన్‌స్కోయె యూదు శ్మశానంలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఊరి యూదుల్లో చాలామంది అక్కడే ఉన్నారు. వెతకాలంటే పేరూ ఇంటిపేరూ చాలవు. రష్యన్‌లో మనిషి పేరుకు మధ్యలో తండ్రి పేరు ఉంటుంది, అది లేకపోతే ఒకే పేరున్న పదిమంది తగులుతారు. ఆయనకు ఆ పేరు తెలియదని చెప్తాడు, తెలిసే మార్గం ఉంది. అక్కాచెల్లెళ్లు కదా, తండ్రి ఒక్కడే. న్యూజెర్సీలో వాళ్ల అమ్మమ్మ సమాధి రాయి మీద హీబ్రూలో ఫలానావారి కూతురు అని తండ్రి పేరు చెక్కి ఉంటుంది. ఆ రాయి ఫొటో తీసి పంపమనండి. హీబ్రూ చదివేవాళ్లు ఆయనకే దొరుకుతారు, రష్యన్‌లో ఉత్తరం నేను రాసిపెడతాను.